అపరిచితునితో బేరము
(పాతవస్తువుల విక్రయమును గూర్చి ఒక గ్రంథాలయ సభలో మేము చేసిన ఉపన్యాసము)



నేటి మా ప్రసంగ విషయము చూపునకు మిక్కిలి చిన్నది. ఇంటిలోని పాతవస్తువును ముఖపరిచయము లేనివానికి ఫోను ద్వారా అమ్ముకొనునప్పుడు మోసపోకుండుట యెట్లు? ఇంతియే మేము చెప్పదలచినది. రాజ్యాంగ సమస్యలను, నదీజలముల తగవులను చర్చించు పత్రికవారు పాతమంచముల బేరమును గూర్చి సభలో మాటాడుట యేమని కొందరు నవ్వవచ్చును. నవ్వుదురు గాక! జాతి యనగా గృహముల సముదాయమే కదా. నెలజీతముపై బ్రతుకు సామాన్య గృహస్థుడు ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనము నాలుగు నిమిషములలో తుడిచిపెట్టుకొని పోవుచుండగా, అది మాకు తగిన విషయము కాదని ఊరకుండుట మాచేత కాదు.

పాతవస్తువును పారవేయక మరియొకని యక్కరకు అమ్ముట మన దేశమున సిగ్గుపడవలసిన పని యెన్నడును కాలేదు. పాత యిత్తడి పాత్రలు వేసి క్రొత్త బిందె తెచ్చుకొనుట, అన్న చదివిన పుస్తకములు తమ్ముడు చదివి, పిదప వానినే సగము ధరకు పొరుగింటి పిల్లవానికి ఇచ్చుట మన యిండ్లలోని పొదుపు. హైదరాబాదున ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారమునాడు పరచెడి పాతపుస్తకములు ఎందరు పేదవిద్యార్థులకు విద్యాదానము చేసినవో లెక్కింపగలవా రెవ్వరు? కావున నేడు ఇంటనుండియే బొమ్మ తీసి ప్రకటించి పాత బల్లను, బీరువాను, సైకిలును అమ్ముకొను ఆచారమును మేము నిందింపము. అది దేశమునకు పొదుపు, కొనువానికి ఉపకారము. ఆ యుపకారము నడుమ దొంగ చొరబడినాడు. వానిని గుర్తెరుగుటయే నేటి పని.

పూర్వము సంతలో ఎద్దును అమ్మువాడు కొనువానిని కన్నులార చూచెడివాడు. అతడు ఏ యూరివాడో, ఎవరి బంధువో దళారికి తెలిసియుండెడిది. తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి ధర తేల్చుకొనునప్పుడు సైతము చుట్టును నలుగురుండెడివారు. రూకలు చేతబడిన పిమ్మటనే పలుపు చేతులు మారెడిది. షరాబు రూపాయిని రాతిపై మ్రోగించి, ధ్వని విని గాని పెట్టెలో వేసెడివాడు కాడు. మనిషిని చూచుట, సాక్షులుండుట, నాణెమును పరీక్షించుట అను ఈ మూడు కట్టుబాట్లు అక్షరము రాని రైతును సైతము కాపాడినవి. నేడు ఫోనులో ప్రకటన చేసిన మరుక్షణమున ఈ మూడును ఒక్కమారుగ తొలగిపోవుచున్నవి. కొనువాడు కంఠస్వరము మాత్రమే. సాక్షులు లేరు. నాణెమునకు మారుగ తెరపై నాలుగు అక్షరములు. మన పెద్దలు వందలయేండ్ల అనుభవముతో కట్టిన గట్టు తెగినచోటనే మోసగాడు మడి చేసికొన్నాడు.

చెల్లింపు యంత్రముపై మేము నింద మోపుట లేదని ముందే విన్నవించుకొనుచున్నాము. 2016వ సంవత్సరమున మన దేశమున ప్రారంభమైన యూపీఐ పద్ధతి స్వదేశీయుల సాధనలలో గర్వింపదగినది. 2025 ఆగస్టు నెల యొక్కదానియందే ఈ మార్గమున 2,000 కోట్లకు మించిన చెల్లింపులు జరిగినవి. కూరగాయల బండివాడు మొదలుకొని నగల వర్తకుని వరకు అందరును దీనిని వాడుచున్నారు. యంత్రము చెప్పినట్లు చేయును. మోసగాడు మోసగించునది యంత్రమును కాదు, మనలను. మన చేతనే మన తాళము తీయించుటయే వాని విద్య.

ఈ విద్యకు మూలమేది? అమ్ముకొనువాడు, “నేను పుచ్చుకొనువాడనే గాని ఇచ్చువాడను కాను, నా కేమి నష్టము?” అని నిర్భయముగ నుండును. ఆ నిర్భయమే మోసగానికి ద్వారము. పుచ్చుకొనవలసినవానిని వానికి తెలియకుండ ఇచ్చువానిగ మార్చుట, ఇదియే సర్వమోసములకును సారము. కావున ఒక్క సూత్రమును పసిపిల్లవానికి ఎక్కము నేర్పినట్లు ఇంటింట నేర్పవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యాంకె అక్కరలేదు. మన యూపీఐ పిన్ మన ఖాతానుండి సొమ్ము పంపుటకును, నిలువ చూచుకొనుటకును ఉద్దేశింపబడినది. ఎవడైనను “మీకు సొమ్ము వచ్చుటకు పిన్ నొక్కుడు” అనిన యెడల, వాడు రాజు కానిండు, రాజప్రతినిధి కానిండు, వాడు దొంగ.

క్యూఆర్ గుర్తు విషయమును ఇట్టిదియే. ఆ నల్ల చదరముల ముద్ర 1994లో జపానునందు మోటారు భాగముల లెక్కకై కల్పింపబడినది. నేడు మన కిరాణా దుకాణముల గోడలపై నున్నది. దుకాణమునకు పోయి ఆ ముద్రకు ఫోను చూపినప్పుడు సొమ్ము ఎవరికి చేరుచున్నది? దుకాణదారునకు. అనగా ముద్ర ఎవరిదో సొమ్ము వారికే. కొనువాడు తన ముద్రను పంపి, “దీనిని స్కాను చేయుడు, మీకు సొమ్ము వచ్చును” అన్నచో, వాడు తన హుండీని మన ముందుంచి అందులో కానుక వేయుమనుచున్నాడన్నమాట. ఇంత తేటయైన విషయము తొందరలో మరుగుపడుచున్నది. ఆ తొందర యెట్లు కల్పింపబడునో చెప్పెదము.

ఒక గృహస్థుడు పాత శీతలయంత్రము 8,000 రూపాయలకు అమ్ముదునని ప్రకటించినాడనుకొందము. కొద్ది నిమిషములలో పిలుపు వచ్చును. కొనువాడు ధర తగ్గింపుమని అడుగడు. వస్తువును చూచెదననడు. మనదేశమున పాతవస్తువును బేరమాడక కొనువాడెవ్వడు? ఇదియే మొదటి యపశకునము. పిదప తాను సైన్యమున ఉద్యోగినని, ఈ యూరికి బదిలీ యైనదని, విధులలో నుండుటచే స్వయముగ రాలేనని, లారీని పంపెదనని చెప్పును. అడుగకయే గుర్తింపుకార్డు బొమ్మ పంపును. యూనిఫారము ధరించిన ఫొటో పంపును. నమ్మకమునకై ముందుగ ఒక్క రూపాయియో, అయిదు రూపాయలో నిజముగనే పంపును. ఆ రూపాయి గాలమునకు గ్రుచ్చిన ఎర్ర. అది చేరగానే గృహస్థుని మనస్సు కుదుటపడును. వెంటనే ముద్ర వచ్చును, పిన్ నొక్కింపబడును, 8,000 వచ్చుటకు మారుగ 8,000 పోవును. “అయ్యో, పొరపాటు జరిగినది, మరల నొకమారు చేసిన రెండును తిరిగి వచ్చును” అనును. పోయిన సొమ్ముపై ఆశతో గృహస్థుడు రెండవమారు నొక్కును, మూడవమారును నొక్కును. మొదటి నష్టము వంచన వలన, తరువాతి నష్టములు ఆత్రుత వలన.

సైనికవేషమును గూర్చి ఒక్క మాట చెప్పక మానలేము. సరిహద్దున మంచులో నిలుచువానియెడ మన ప్రజలకు గల భక్తిని దొంగ తన పెట్టుబడిగ చేసికొనుచున్నాడు. ఇది గృహస్థుని ధనమును మాత్రమే గాక సైనికుని గౌరవమునుగూడ దొంగిలించుట. నిజమైన సైనికుడు తన గుర్తింపుకార్డును అపరిచితులకు పంపి పరపతి సంపాదించుకొనడు. దేశభక్తి యనగా యూనిఫారపు బొమ్మను చూచి కన్నులు మూసికొనుట కాదు. ఆ యూనిఫారమును దుర్వినియోగము చేయువానిని పట్టించుటయే దేశభక్తి.

ఇక తక్కిన మార్గములు. పూర్వము మోసగాడు మన ఫోనునకు సొమ్ము కోరెడి అభ్యర్థనను పంపి, దానిని చెల్లింపుగ భ్రమింపజేసెడివాడు. వ్యక్తి నుండి వ్యక్తికి పోవు ఇట్టి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1వ తేదీ నుండి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు నిలిపివేసిరి. మంచిపని. కాని ఒక త్రోవ మూసినంత మాత్రమున దొంగ వృత్తి మానుకొనడు. ముద్రయును, లింకును, మాటయును ఇంకను వానిచేత నున్నవి.

“మీ ఖాతాకు 20,000 జమ యైనది” అని బ్యాంకు పంపినట్లే ఒక సందేశము వచ్చును. వెంటనే ఫోను. “అయ్యా, 2,000 పంపబోయి సున్న యొకటి ఎక్కువ వేసితిని. ఆసుపత్రిలో నున్నాము. మిగిలిన 18,000 తిరిగి పంపి పుణ్యము కట్టుకొనుడు.” ధర్మబుద్ధి గలవాడు వెంటనే పంపును. నిజమునకు ఖాతాలో చిల్లిగవ్వయు చేరలేదు. ఆ సందేశము మోసగాడు స్వయముగ వ్రాసినది. పది అంకెల సామాన్యపు నంబరు నుండి జమ సందేశము వచ్చినచో అది బ్యాంకు పలుకు కాదని తెలియునది. చెల్లింపు జరిగినట్లు తెరబొమ్మ చూపి వస్తువును తీసికొనిపోవువారును కలరు. అట్టి బొమ్మలను కల్పించు నకిలీ యాపులే పుట్టినవి. షరాబు రాయి మన కిప్పుడేది? మన ఖాతా నిలువ. కొనువాని తెర కాదు, మనకు వచ్చిన సందేశము కాదు, మనమే మన బ్యాంకు యాపును తెరచి చూచుకొన్న నిలువయే నాణెము మ్రోత.

మరియొక మార్గము మరింత దారుణమైనది. “చెల్లింపు కుదురుట లేదు, సాయము చేసెద”నని చెప్పి ఎనీడెస్క్ వంటి యాపును ఫోనులో పెట్టుకొనుమనును. ఆ యాపు దూరమునుండి కంప్యూటరు బాగుచేయువారికై పుట్టినది. అనుమతి యిచ్చినచో మన తెర యావత్తు వానికి కనబడును. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీనిని గూర్చి బ్యాంకులను హెచ్చరించినది. మరికొందరు, కొరియరు సంస్థ పేర ఒక లింకు పంపి, “సొమ్ము మాయొద్ద జమయై యున్నది, పుచ్చుకొనుటకు మీ కార్డు సంఖ్యను, ఓటీపీని వ్రాయు”డందురు. కార్డు సంఖ్య, ఓటీపీ అడుగుట ఇచ్చుటకు కాదు, లాగుకొనుటకే.

ఇన్నింటిని దాటినవాడును చిక్కుపడు గుంట మరియొకటి కలదు. దీనిని గూర్చి పలువురు ఎరుగరు. కొనువాడు వచ్చును, వస్తువు చూచును, నిజముగనే ఖాతాలో సొమ్ము పడును, నిలువ చూచుకొని వస్తువు నిచ్చెదము. పదిదినముల పిదప మన ఖాతాలోని సొమ్ము స్తంభింపజేయబడినదని బ్యాంకు తెలుపును. ఏల? ఆ సొమ్ము పంపినది కొనువాడు కాదు. ఎక్కడనో మరియొక అమాయకుని మోసగించి, అతనిచేత మన ఖాతాకు సొమ్ము పంపించి, మన వస్తువును వాడు పట్టుకొనిపోయినాడు. అతడు ఫిర్యాదు చేసెను. దర్యాప్తు సొమ్ము జాడపట్టి మన గుమ్మము త్రొక్కెను. ఫోను, బంగారము వంటి సులభముగ మరల అమ్ముడుపోవు వస్తువులయందు ఇది మిక్కిలి ప్రమాదకరము. కావున సొమ్ము వచ్చినదా యని మాత్రమే గాక, ఎవరి పేరనుండి వచ్చినదని కూడ చూడవలెను. ఎదుట నిలిచినవాని పేరును, పంపినవాని పేరును సరిపోలనిచో, కారణము తేటపడువరకు వస్తువును ఇయ్యరాదు. ఖరీదైన వస్తువు నమ్మునప్పుడు కొనువాని గుర్తింపుపత్రము చూచి, చేవ్రాలుతో రశీదు వ్రాయించుకొని, ప్రతి నొకటి మనయొద్ద ఉంచుకొనవలెను. పరపతి గల కొనుగోలుదారు దీనికి కోపగింపడు. కోపగించువాని బేరము మన కక్కరలేదు.

ఇప్పుడు ఆచరింపవలసిన నియమములను క్రోడీకరించెదము. మొదటిది: చూడక కొందుననువానికి, తొందరపెట్టువానికి అమ్మరాదు. బేరము పోయిన మరియొక బేరము వచ్చును. రెండవది: పగటివేళ, పదిమంది తిరుగు తావున, తోడుగ నొకరిని ఉంచుకొని వస్తువు చూపవలెను. మూడవది: కొనువాడు పంపిన ముద్రను, లింకును ముట్టరాదు, మన యూపీఐ చిరునామాయో మన ముద్రయో వానికిచ్చి, వానిచేతనే మన యెదుట చెల్లింపజేయవలెను. నాలుగవది: నిలువ మన కన్నులతో చూచిన పిమ్మటనే వస్తువు చేయి దాటవలెను. నగదు పెద్దమొత్తమైనచో బ్యాంకులోనే పుచ్చుకొని అప్పుడే జమ కట్టవలెను. దొంగనోటు భయమును తీరును. అయిదవది: ఎక్కువ వచ్చినదని ఎవడైన మొరపెట్టిన, నిలువలో అది నిజముగ కనబడినను మనమే వెంటనే తిరిగి పంపరాదు, పొరపాటైన చెల్లింపు సంగతి వాని బ్యాంకు ద్వారా రానిమ్మని చెప్పవలెను. ఆరవది: బయానా పుచ్చుకొనుటకైనను మనము ముందుగ ఒక్క పైసయు కట్టరాదు, అమ్మువానిచేత రిజిస్ట్రేషను రుసుమని, రవాణా పూచీ యని కట్టించు బేరము బేరము కాదు.

ఇంత చేసియు నష్టము కలిగినచో ఏమి చేయవలెను? మొదట సిగ్గును విడువవలెను. చదువుకొన్నవారు, ఉద్యోగులు సైతము మోసపోవుచున్నారు. నలుగురు నవ్వుదురని మౌనము వహించుట దొంగకు చేయు రెండవ దానము. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అను కేంద్రప్రభుత్వ ద్వారమున ఫిర్యాదు వ్రాయవలెను. మన బ్యాంకునకు తెలిపి ఫిర్యాదు సంఖ్య పుచ్చుకొనవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తి, తుదకు నగదుగ మారులోపల దానిని నిలిపివేయుటయే ఈ యేర్పాటుయొక్క ఉద్దేశ్యము. కావున మొదటి గంటకు గల విలువ మరునాటికి లేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు వారము దాటిన పిదప పోయిన ప్రయోజనమేమి? సందేశములను, పిలుపుల పట్టికను, చెల్లింపు సంఖ్యలను చెరిపివేయరాదు. అవియే సాక్ష్యము.

న్యాయము సంగతియు తెలిసియుండవలెను. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఉత్తరువున ఒక భేదము పాటింపబడినది. ఖాతాదారుని తప్పును, బ్యాంకు తప్పును లేక మూడవవాని వలన సొమ్ము పోయినప్పుడు మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునికి బాధ్యత లేదు. రహస్యాంకెలను తానే వెల్లడించుట వంటి అజాగ్రత్త వలన పోయినచో, బ్యాంకునకు తెలుపు క్షణము వరకు నష్టము ఖాతాదారునిదే. తెలిపిన పిమ్మట జరిగినది బ్యాంకుది. అనగా ఆలస్యమైన ప్రతి నిమిషము మన ఖర్చు. ఇక దొంగకు శిక్ష: కంప్యూటరు సాధనముతో మరియొకని వేషమున మోసగించుటకు ఐటీ చట్టము 66డి విభాగము మూడేండ్ల వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించుచున్నది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోను 318, 319 విభాగములు వంచనకు ఉన్నవి. చట్టము లేక కాదు, ఫిర్యాదు లేక దొంగ తప్పించుకొనుచున్నాడు.

కాని భారమంతయు గృహస్థుని నెత్తిన మోపి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. ప్రకటనల వేదికలు నడుపు సంస్థలు లాభము పుచ్చుకొనుచున్నవి గదా. కొనువాడెవ్వడో కొంతయైన పరిశోధించు బాధ్యత వారిది కాదా? పిన్ నొక్కుటకు ముందు “మీరు సొమ్ము ఇచ్చుచున్నారు” అని స్వచ్ఛమైన తెలుగులో, పెద్ద యక్షరములలో తెరపై కనబడజేయుట చెల్లింపు యాపులవారికి అసాధ్యమా? ఆంగ్లము చదువలేని అవ్వచేత ఆంగ్లపు తెరపై చేవ్రాలు పెట్టించుట ఎట్టి వ్యాపారధర్మము? మాతృభాషలో హెచ్చరిక పొందుట ప్రజల హక్కు. దానిని మేము భిక్షగ కోరుట లేదు.

మన యువకులతో కఠినముగ ఒక్క మాట. దొంగసొమ్ము నిలుచుటకు ఖాతాలు కావలెను. ఆ ఖాతాలు ఆకాశమునుండి ఊడిపడుట లేదు. నెలకు కొన్ని వేల రూపాయలకు ఆశపడి పాసుపుస్తకమును, కార్డును, సిమ్మును అద్దెకిచ్చు మన పిల్లలే వానిని సమకూర్చుచున్నారు. “నేను మోసము చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చితి”నను మాట న్యాయస్థానమున నిలువదు, ధర్మస్థానమున అంతకన్న నిలువదు. 2024లో ఉద్యోగముల పేర కంబోడియాకు తరలింపబడి, అచ్చటి మోసపు కొట్టములలో బందీలై సైబరు వంచనలు చేయవలసివచ్చిన మన విశాఖ ప్రాంతపు యువకుల దుఃస్థితి లోకమెరుగును. సులభధనము చూపు త్రోవ ఎక్కడికి పోవునో దానివలన తెలియును.

“ఇన్ని చిక్కులున్నచో అమ్ముటయే మానిన సరి” అని కొందరనవచ్చును. మేము అట్లు చెప్పము. దొంగ భయమున సంత మానుకొన్న ఊరు బాగుపడదు. అపరిచితుని నమ్మగలుగుటయే నాగరికతకు గురుతు. మన తోటి భారతీయునికి, అతని ముఖమెరుగకున్నను, ఒక వస్తువు నిచ్చి ధర పుచ్చుకొని ఇరువురును సంతసింపగలిగిననాడే మనమొక జాతి. దొంగ దోచుకొనునది 8,000 రూపాయలు కాదు, ఆ నమ్మకము. అందుచేతనే దీనిని జాతివిషయమనుచున్నాము. నమ్మకమును కాపాడుకొనుటకు మార్గము గ్రుడ్డిగ నమ్ముట కాదు, పరీక్షించి నమ్ముట.

మీరు ఇంటికి పోయి చేయవలసినది ఒక్కటియే. మీ తల్లిని, తండ్రిని, ఫోను చేతబట్టిన ప్రతి యొక్కరిని కూర్చుండబెట్టి ఈ వాక్యమును మూడుమార్లు చెప్పింపుడు: పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. ఒక్క ఊరిలో ప్రతి గడపయు ఈ వాక్యమును నేర్చిననాడు ఆ యూరికి ఫోను చేసిన దొంగకు ఆనాటి కూలియు గిట్టదు.